న్యాయాన్ని వాక్యంతో చదవడం: విశాఖ సంఘాలకు ఎనిమిది వారాల అధ్యయన పద్ధతి

క్రిస్మస్‌కి బియ్యం పంచడం, ఎండాకాలంలో మజ్జిగ పోయడం, కేజీహెచ్ ఆసుపత్రి వార్డుల్లో పళ్లు, రొట్టెలు ఇవ్వడం విశాఖలో దాదాపు ప్రతి క్రైస్తవ సంఘానికీ అలవాటే. మంచి అలవాటు. కానీ మందిరం వాచ్‌మన్ జీతం గంటకు ఎంత పడుతుందని అడిగితే ట్రెజరర్ గారి దగ్గర కూడా జవాబు ఉండదు. ఎందుకంటే ఆ లెక్క ఎవరూ వేయలేదు. కనికరాన్ని చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో నేర్పుతున్నాం. న్యాయాన్ని మాత్రం బైబిలు పేజీల్లోనే వదిలేశాం.

ఈ పద్ధతి ఆ రెండోదాని కోసం. వారానికి గంటన్నర చొప్పున ఎనిమిది వారాలు పడుతుంది. ప్రతి వారం ఒక వాక్యభాగం, దానికి జోడీగా ఊళ్లో కళ్లెదుట ఉన్న ఒక సంగతి తీసుకోవాలి. వాక్యం ఒక్కటే చదివితే ప్రసంగమైపోతుంది, సమస్య ఒక్కటే మాట్లాడితే టీవీ చర్చ అవుతుంది. జోడీ తప్పనివ్వకండి.

గుంపు, చోటు, వేళ

ఎనిమిది నుంచి పన్నెండు మంది చాలు. ఆరుగురికి తగ్గితే ఇద్దరు రాని రోజున మాట సాగదు. పదిహేను దాటితే ముగ్గురు మాట్లాడతారు, మిగతావాళ్లు వింటారు. సగం మంది స్త్రీలు ఉండాలి. కనీసం ముగ్గురు రోజు కూలీకో, నెల జీతానికో ఒళ్లు వంచి పనిచేసేవాళ్లు అయి ఉండాలి: ఇళ్లలో పనిచేసే అక్క, ఆటో నడిపే తమ్ముడు, చేపల బుట్ట ఎత్తే అమ్మ. వీళ్లు లేకుండా పేదల గురించి మాట్లాడుకునే గుంపు మూడో వారానికల్లా గాలిలో తేలుతుంది.

పాస్టర్ గారికి ఎనిమిది వారాల ప్రణాళిక ముందే కాగితం మీద చూపించి అనుమతి తీసుకోండి. ఆయన్ని మొదటి వారానికీ చివరి వారానికీ పిలవండి. మధ్యలో ఆరు వారాలూ ఆయన కూర్చుంటే, గౌరవం కొద్దీ అందరి జవాబులూ ఆయన ముఖం చూసే వస్తాయి. ఆయన తప్పేమీ లేదు, మన అలవాటే అలాంటిది. నడిపించడానికి ఇద్దరు ఉండాలి, అందులో ఒకరు స్త్రీ.

ఆదివారం ఆరాధన అయ్యాక పెట్టకండి. అప్పటికి అందరికీ ఆకలి. శనివారం సాయంత్రం నయం. గాజువాక, ఉక్కునగరం వైపు షిఫ్టు డ్యూటీల వాళ్లు ఎక్కువ కాబట్టి వాళ్ల డ్యూటీ చార్టు చూసి రోజు మార్చుకోండి. జాలరిపేటల్లోని సంఘాలకైతే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, వేట నిషేధం ఉండే 61 రోజులు, మగవాళ్లు ఇంటిపట్టున ఉంటారు. కాకపోతే చేతిలో డబ్బు ఆడదు కాబట్టి చందా మాట ఎత్తకూడదు. ఆ మాటకొస్తే ఏ గుంపులోనూ ఎత్తకండి. పన్నెండు మందికి పది రూపాయల టీ చొప్పున ఎనిమిది వారాలకు 960 రూపాయలు అవుతుంది. అది సంఘం పెట్టుకోగల ఖర్చే. చందా వసూలు చేస్తే కూలికి వెళ్లే వాళ్లు రెండో వారం నుంచే కనబడరు, కారణం కూడా చెప్పరు.

కుర్చీలు అందరికీ చాలితే గుండ్రంగా వేయండి, చాలకపోతే అందరూ చాప మీదే. కొందరు కుర్చీల్లో, కొందరు కింద కూర్చుంటే, ధనికుడికి మంచి చోటూ పేదవాడికి నేలా చూపించడాన్ని తప్పుపట్టే యాకోబు పత్రిక రెండో అధ్యాయం చదివే హక్కు ఆ గదికి ఉండదు.

ముందు రెండు మాటలు విడదీయాలి

మొదటి వారం ఆమోసు 5:24 తీయండి. అక్కడ న్యాయము, నీతి పక్కపక్కనే ఉన్నాయి. హెబ్రీలో అవి మిష్పాత్, సెదాకా. తెలుగు చెవికి ‘నీతి’ అనగానే నీతికథలు, నీతిపద్యాలు గుర్తొస్తాయి. అందుకే నీతిమంతుడంటే తాగనివాడు, పొగ మానినవాడు, బూతు పలకనివాడు అని మనసులో పడిపోయింది. ఇదంతా ఒక మనిషి తన నడత చూసుకోవడంతోనే ఆగిపోతుంది. బైబిల్లో సెదాకా అంటే ఇద్దరి మధ్య, ఊరి మధ్య సంబంధం సరిగా ఉండటం.

ఇది వివరించి చెప్పకండి, గుంపు చేతే పట్టించండి. యోబు 29:12–17 చదివించి, నీతిని వస్త్రంగా ధరించుకున్నానన్న యోబు నిజంగా ఏమేం చేశాడో క్రియలు మాత్రమే చార్టు మీద రాయించండి. మొఱ్ఱపెట్టిన దీనుణ్ణి విడిపించాడు, విధవరాలి హృదయాన్ని సంతోషపెట్టాడు, గుడ్డివాడికి కన్నయ్యాడు, ముక్కూ మొహం తెలియని వాడి వ్యాజ్యాన్ని విచారించాడు, దుర్మార్గుడి పళ్ల మధ్య నుంచి దోపుడుసొమ్ము లాక్కున్నాడు. చివరి రెండూ రాసేటప్పుడు గదిలో కాసేపు మాట ఆగుతుంది. ఆ మౌనాన్ని తొందరపడి నింపకండి.

తర్వాత పన్నెండు చీటీలు పంచండి, ఒక్కోదాని మీద ఒక్కో పని రాసి ఉండాలి. పింఛను రాని విధవరాలికి బియ్యం ఇవ్వడం, ఆమెతో వార్డు సచివాలయానికి వెళ్లడం, ఆ వీధిలో ఇంకెంతమంది అర్జీలు ఎందుకు తిరస్కరించారో తెలుసుకోవడం, ఇలా. ఒక్కో చీటీని కనికరం, న్యాయం అనే రెండు గళ్లలో పెట్టమనండి. కొన్ని చీటీల దగ్గర వాదన వస్తుంది, రావాలి కూడా. రెండు గళ్లూ దేవునివేనని మీకా 6:8 దగ్గర ఆగితే మొదటి వారం పూర్తయినట్టే.

ఇక్కడే ఒక అభ్యంతరం వస్తుంది: “సువార్త ఆత్మల రక్షణ కోసం, ఇవన్నీ లోక సంగతులు.” వాదానికి దిగకుండా లూకా 4:18–19 చదివించండి. నజరేతు సమాజమందిరంలో యేసు తన పని గురించి చెప్పడానికి యెషయా గ్రంథంలో ఏ చోటు ఎంచుకున్నాడో చూడమనండి. అడిగినవాళ్లు సువార్త సంఘాల వాళ్లయితే, 1974లో ప్రపంచ సువార్త సంఘాల నాయకులు లోసాన్ ఒడంబడికలో సువార్త ప్రకటన, సామాజిక బాధ్యత రెండూ క్రైస్తవ కర్తవ్యాలేనని రాసుకున్నారని చెప్పండి. కథోలికులైతే 1891లో 13వ లియో పోపు కార్మికుల కూలి గురించి రాసిన రేరుమ్ నొవారుమ్ నుంచి 2015లో ఫ్రాన్సిస్ పోపు రాసిన లౌదాతో సీ దాకా పోపుల లేఖలు ఒక వరసే ఉన్నాయి. చూడటం, వాక్యంతో తూచడం, చేయడం అనే మూడు మెట్ల పద్ధతి కూడా బెల్జియం కథోలిక ఫాదర్ జోసెఫ్ కార్డైన్ యువ కార్మికులతో మొదలుపెట్టిందే. 1961లో 23వ జాన్ పోపు తన లేఖలో దాన్ని సిఫారసు చేశారు. ఈ ఎనిమిది వారాలూ ఆ మెట్ల మీదే నడుస్తాయి.

గంటన్నర ఎలా పంచాలి

పాటకు, ప్రార్థనకు పది నిమిషాలు. వాక్యభాగం ఇద్దరు వేర్వేరు గొంతులతో రెండుసార్లు చదవడానికి పది. వాక్యంలో ఎవరున్నారు, ఎవరి మాట వినబడింది, ఎవరి మాట వినబడలేదు, డబ్బు ఎటు నుంచి ఎటు వెళ్లింది అన్న నాలుగు ప్రశ్నలకు ముప్పై. ఊరి సంగతికి ముప్పై. వచ్చే వారంలోపు ఎవరు ఏం కనుక్కొస్తారో పేర్లతో రాసుకోవడానికి చివరి పది. తరచూ కోతపడేది ఈ చివరి పదే. అది పోతే అధ్యయనం కబుర్లయిపోతుంది, కాబట్టి గడియారం ఒకరి చేతిలో పెట్టండి.

చదవడం నెమ్మదిగా వచ్చేవాళ్లుంటే వంతుల వారీగా చదివించకండి, సిగ్గుపడి మానేస్తారు. గుంపులో కథోలికులుంటే వాళ్ల బైబిలు కూడా తెమ్మనండి. అందులో ఉండే సీరా గ్రంథం 34వ అధ్యాయం కూలి ఎగ్గొట్టడాన్ని రక్తం చిందించడంతో సమానం చేస్తుంది. మూడో వారానికి అది చాలా పనికొస్తుంది.

ముందు మన గుమ్మంలోనే

రెండో వారం సంఘం లోపలే జరగాలి. బయటి అన్యాయాలతో మొదలుపెట్టిన గుంపులు ఎప్పటికీ లోపలికి రావు. వేలు ఎప్పుడూ పక్కవాడి వైపే ఉంటుంది. యాకోబు 2:1–4, ఆపై అపొస్తలుల కార్యములు 6:1–6 తీయండి.

ఆరో అధ్యాయంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను అనుదిన పరిచర్యలో, అంటే రోజువారీ పంపకంలో, చిన్నచూపు చూశారని సణుగు వచ్చింది. అపొస్తలులు ‘సణగకండి’ అనలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఆ ఏడుగురి పేర్లు గట్టిగా చదివించండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. ఫిర్యాదు ఏ వైపు నుంచి వచ్చిందో, పంపకం బాధ్యత ఆ వైపు మనుషుల చేతికే వెళ్లింది. ఇప్పుడు మీ సంఘ కమిటీ పేర్లు రాసి పక్కన పెట్టండి. స్త్రీలు ఎందరు, అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు ఎందరు, కాలనీ వైపు వాళ్లు ఎందరు? వ్యాఖ్యానం అక్కర్లేదు, లెక్క చాలు.

కూలి

మూడో వారం ద్వితీయోపదేశకాండము 24:14–15, యాకోబు 5:4, మత్తయి 20:1–16. పొద్దు గుంకకముందే కూలి ఇవ్వాలని మొదటిది, బిగపట్టిన కూలే మొఱ్ఱపెడుతుందని రెండోది, మూడోది ద్రాక్షతోట కూలీల ఉపమానం.

ఆ వారం పొద్దున్నే ఇద్దరు ముగ్గురు దగ్గరలోని కూలీల అడ్డాకి వెళ్లాలి. ఆరు నుంచి ఎనిమిది మధ్య వెళ్లకండి. అది వాళ్లకు పని దొరికే వేళ, మీతో మాట్లాడుతూ ఉంటే ఆ రోజు కూలి పోతుంది. తొమ్మిదిన్నరకు వెళ్లండి. అప్పటికీ నిలబడి ఉన్నవాళ్లు ఎవరో చూడండి: వయసు మళ్లినవాళ్లా, ఒంటరి ఆడవాళ్లా, పనిముట్లు లేనివాళ్లా? “ఎవడును మమ్మును కూలికి పెట్టుకొనలేదు” అని ద్రాక్షతోట ఉపమానంలో చివరి గంటవాళ్లు అన్న మాటకు అర్థం అక్కడ తెలుస్తుంది. ఆ ఉపమానంలో దేనారం ఒక రోజు కూలి, అంటే ఒక ఇంటి పొయ్యి వెలిగే డబ్బు. యజమాని చివరివాడికి కూడా అది తగ్గించలేదు.

ఇక వాచ్‌మన్ లెక్క. ఉదాహరణకు నెలకు 8,000 రూపాయలు, రోజుకు 12 గంటలు, సెలవు లేకుండా 30 రోజులనుకోండి. 360 గంటలకు పంచితే గంటకు 22 రూపాయల చిల్లర. రాష్ట్ర కార్మిక శాఖ కనీస వేతనాల్లో కరువు భత్యాన్ని ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లో, అక్టోబరులో సవరిస్తుంది. తాజా పట్టిక తెచ్చి పక్కన పెట్టండి. ఊడ్చే అమ్మకూ, సౌండ్ సిస్టమ్ చూసే కుర్రాడికీ ఇదే లెక్క. “వాళ్లు దేవుని పని చేస్తున్నారు కదా” అన్న జవాబు వస్తుంది. అప్పుడు యిర్మీయా 22:13 చదవండి, పొరుగువాడి చేత ఊరికే పనిచేయించుకుని ఇల్లు కట్టేవాడికి శ్రమ అని ఉంటుంది. వాచ్‌మన్‌ని ఆ గదిలోకి పిలిచి అడగకండి, ఆయన ఉద్యోగం మీ చేతిలో ఉంది. అందరి ముందూ ‘చాలు బాబూ’ అనడం తప్ప ఆయనకు వేరే దారి లేదు.

అప్పు: నెహెమ్యా 5

ఎనిమిదింటిలో అన్నిటికంటే పండే వారం ఈ నాలుగోదే, సమయం మిగిల్చుకుని రండి. ఒకటి నుంచి ఐదు వచనాల్లో జనం మూడు రకాలుగా మొఱ్ఱపెడతారు. తినడానికి ధాన్యం లేదని ఒకరు, పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు కుదువపెట్టామని ఒకరు, రాజుగారి పన్ను కట్టడానికి అప్పు చేశామని ఒకరు. ఇచ్చినవాళ్లూ సొంత సహోదరులే. యూదా అధిపతి నెహెమ్యాకు కోపం వచ్చింది, కానీ తనలో తాను ఆలోచించుకున్నాకే నోరు తెరిచాడు. ప్రధానుల్ని, అధికారుల్ని గద్దించి, సమాజాన్ని కూర్చి, తిరిగి ఇస్తామన్న మాట యాజకుల ముందు ప్రమాణంగా తీసుకున్నాడు. పదో వచనం దాటేయకండి. నేనూ, నా బంధువులూ, నా దాసులూ కూడా అప్పిచ్చామని ఆయనే ఒప్పుకుంటాడు. ఈ ఒప్పుకోలు లేకపోతే ఆ గద్దింపుకు బలం ఉండేది కాదు.

ఊరి సంగతికి కాగితం, పెన్ను తీయండి. బండి వ్యాపారులకీ చేపలమ్మే వాళ్లకీ ఇచ్చే డైలీ ఫైనాన్స్ మామూలుగా ఇలా ఉంటుంది: పేరుకు 10,000, ముందే 1,000 పట్టుకుని చేతికి 9,000, రోజుకు 100 చొప్పున వంద రోజులు. వెయ్యే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజురోజుకీ తీరిపోతూ ఉంటుంది కాబట్టి వాళ్ల చేతిలో సగటున నిలిచేది అందులో సగమే. ఏడాది లెక్క కడితే వడ్డీ 75 శాతం దాటుతుంది. నూటికి మూడు రూపాయల వడ్డీ అయితే ఏడాదికి 36. నెహెమ్యా వదిలేయమన్నది నూరవ భాగం. నెలనెలా అంతే అనుకున్నా ఏడాదికి పన్నెండు.

ఈ వారం గుంపులో ఎవరి అప్పులూ అడగకూడదు, ఎవరు వడ్డీకి ఇస్తున్నారో అసలే అడగకూడదు. సంఘ పెద్దల్లోనే వడ్డీకి తిప్పేవాళ్లు ఉండొచ్చు. లెక్క బోర్డు మీద ఉంచండి, పేర్లు మనసుల్లోనే ఉండనివ్వండి.

భూమి, పిట్టగోడ

ఐదో వారం నాబోతు ద్రాక్షతోట (1 రాజులు 21) చదివేటప్పుడు, దాన్ని లాక్కున్న అహాబు రాజు దుర్మార్గం దగ్గరే ఆగిపోవడం మామూలు. ఆయన భార్య యెజెబెలు వాడిన పనిముట్లు చూడండి: ముద్ర వేసిన తాకీదులు, ఊరి పెద్దలు, ఉపవాస దినం, ఇద్దరు సాక్షులు. పద్ధతి ప్రకారమే జరిగింది, అన్యాయం పద్ధతిలోనే దూరింది. దీనికి జోడీ మనకు దగ్గర్లోనే దొరుకుతుంది. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు మారకుండా ఆపే 1970 నాటి 1/70 చట్టం, బొర్రా గుహల చుట్టుపక్కల గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో 1997 సుప్రీంకోర్టు తీర్పు. ప్రభుత్వం కూడా ఆ భూమిని ప్రైవేటు గనులకు లీజుకివ్వకూడదని ఆ తీర్పు తేల్చింది. ఉక్కు కర్మాగారం కోసం ఊళ్లు ఖాళీ చేసిన కుటుంబాలు మీ సంఘంలో ఉంటే, వాళ్ల ఇష్టంతోనే ఒక పెద్దావిడను మాట్లాడమనవచ్చు. పిత్రార్జితం అన్న మాట నాబోతు నోట ఎలా పలికిందో ఆమె చెబితేనే అర్థమవుతుంది.

ఆరో వారం ద్వితీయోపదేశకాండము 22:8 తీస్తే గుంపు ఆశ్చర్యపోతుంది. కొత్త ఇంటి పైకప్పుకు పిట్టగోడ కట్టకపోతే, ఎవరైనా పడినప్పుడు ఆ ఇంటి మీదికి హత్యదోషం వస్తుంది. నిర్గమకాండము 21:28–29 దానికి తోడు: ఎద్దు మొదటిసారి పొడిస్తే యజమాని నిర్దోషి, పొడిచే ఎద్దని చెప్పినా కట్టకపోతే దోషి. ముందే తెలిసిన ప్రమాదాన్ని ప్రమాదం అనవచ్చా? 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై పన్నెండు మంది చనిపోయారు. మృతుల కుటుంబాలకు ప్రభుత్వం కోటి రూపాయల చొప్పున పరిహారం ప్రకటించింది. మొదటి వారం నాటి రెండు గళ్లు మళ్లీ గీసి, పరిహారం ఏ గడిలోకి వస్తుందో, ట్యాంకుకు పిట్టగోడ కట్టించడం ఏ గడిలోకి వస్తుందో అడగండి. ఆ చుట్టుపక్కల వాళ్లు గుంపులో ఉంటే ముందే చెప్పి ఉంచండి, హఠాత్తుగా ఆ రోజు గుర్తు చేయడం క్రూరం.

కులం

ఏడో వారం దాకా ఎందుకు ఆగాలంటే, మొదటి వారమే కులం ఎత్తితే ‘క్రీస్తులో అందరం ఒకటే’ అని గలతీయులకు 3:28 చదివి మూట కట్టేస్తారు. ఆరు వారాలు కలిసి లెక్కలు వేసుకున్నవాళ్ల మధ్య కాస్త నమ్మకం ఏర్పడి ఉంటుంది. యోహాను 4 చదవండి, యూదులు సాంగత్యం చేయని సమరయ స్త్రీని బావి దగ్గర నీళ్లు అడిగింది యేసే. ఎవరి పాత్రలో తాగడానికి సిద్ధపడ్డాడో గమనించమనండి.

చట్టం సంగతి క్లుప్తంగా: 1950 షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మొదట హిందువులకే వర్తించింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు బీసీ–సి కిందకు వస్తారు. రిజర్వేషను ఒక శాతం. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ మతపరమైన అడ్డు తీసేయమంది. 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసి, క్రైస్తవులైన దళితులకూ ఎస్సీ హోదా ఇవ్వమని కేంద్రాన్ని కోరింది.

ఇక్కడ గట్టి జాగ్రత్త. ఎవరి కుల సర్టిఫికెట్‌లో ఏముందో అడగకండి, నోటుబుక్కులో రాయకండి, వాట్సాప్‌లో అసలు పెట్టకండి. ఒక మాట బయటికి పోతే ఒకరి ఉద్యోగమో, ఒక పిల్ల సీటో పోతుంది. ప్రశ్నలు ఎవరికి వాళ్లు మౌనంగా రాసుకునేవిగా ఉంచండి: మా ఇంటికి భోజనానికి వచ్చిన సంఘస్థులు ఎవరెవరు? మా పిల్లల సంబంధం దగ్గర మేము మొదట అడిగినదేమిటి? ఆ కాగితాలు ఎవరివి వాళ్లే ఇంటికి తీసుకెళ్లాలి.

చివరి వారం, ఆ తర్వాత

యెషయా 58 చదివి, ఏడు వారాల్లో కనుక్కున్నవాటిలో ఒక్కదాన్నే పట్టుకోండి. మూడు పట్టుకున్న గుంపు దేన్నీ పూర్తి చేయదు. సంఘం చేతిలో ఉన్నదైతే (వాచ్‌మన్ జీతం, వారపు సెలవు) కమిటీకి అంకెలతో ఒక పేజీ ఇవ్వండి. ప్రభుత్వం చేతిలో ఉన్నదైతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. వివరాలే దొరకకపోతే సమాచార హక్కు కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు రుసుము లేదు. ‘ఎందుకు’ అని అడిగితే జవాబు రాదు. ‘ఈ తేదీ నుంచి ఈ తేదీ దాకా, ఈ వార్డులో, తిరస్కరించిన అర్జీలు ఎన్ని, కారణం రాసిన కాగితం నకలు’ అని అడిగితే వస్తుంది. కూలి ఎగ్గొట్టిన సంగతో, ఇంట్లో హింసో అయితే జిల్లా న్యాయసేవాధికార సంస్థ స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు, కార్మికులకు ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోను 15100.

పార్టీల పేర్లు గుంపులో ఎత్తకూడదన్న నియమం మొదటి రోజే పెట్టండి. చట్టం, అధికారి, తేదీ మాట్లాడుకోవచ్చు. బస్తీకి వెళ్లినప్పుడు ఫోటోలు, కరపత్రాలు వద్దు. ప్రార్థన వాళ్లు అడిగితే చేయండి. సాయానికీ మతానికీ ముడి ఉందన్న అనుమానం ఒక్కసారి వస్తే, ఆ వీధిలో నష్టపోయేది మీకు గుమ్మం తీసినవాళ్లే.

సమాచార హక్కు దరఖాస్తు అందిన రోజు నుంచి 30 రోజుల తేదీని నోటుబుక్కు అట్ట మీద రాసి, ఆ శనివారం కలవడానికి ఎనిమిదో వారమే ఒప్పుకుని లేవండి. జవాబు రాకపోతే అక్కడి నుంచి ఇంకో 30 రోజుల్లోపు అదే కార్యాలయంలో పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. దరఖాస్తు నకలు, రసీదు ఇద్దరి ఇళ్లలో వేర్వేరుగా దాచి ఉంచండి.